గూర్ఖాలు మన సైన్యంలో ఎందుకు చేరతారంటే

"నేపాలీ గూర్ఖాలు పుట్టుకతోనే యోధులు కాబట్టి మన సైన్యం వాళ్లను తీసుకుంటుందా?" అని అడిగారు. నాది గుంటూరు జిల్లా. ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేస్తూ కొంతకాలం ఒక గూర్ఖా పల్టన్‌తో ఉన్నాను. నా జవాబు: కాదు.

ఆ 'యుద్ధ జాతుల' మాటను 1857 తర్వాత బ్రిటిష్‌వాళ్లు బాగా ప్రచారంలోకి తెచ్చారు. తమవైపు నిలబడ్డవాళ్లకు ఆ బిరుదు ఇచ్చారంటారు గానీ, అదీ పూర్తి నిజం కాదు. అప్పుడు మన తెలుగువాళ్లూ ఉన్న మద్రాసు సైన్యం దాదాపుగా తిరగబడలేదు, అయినా మనకు ఆ జాబితాలో చోటు దొరకలేదు!

రూట్ మార్చ్ (బరువులతో దూరం నడక) అయ్యాక కాళ్లకు బొబ్బలతో ఎంఐ రూమ్‌కి (పల్టన్ వైద్య గదికి) వచ్చే గురుంగ్, మగర్ తెగల నేపాలీ కుర్రాళ్లను కట్టు కడుతూ అడిగేవాణ్ని, ఎందుకు చేరావని. శౌర్యం ఊసెత్తిన వాడు లేడు. నాన్న పెన్షన్‌తో ఇల్లు కట్టాం, చెల్లి చదువుతోంది, ఇవే మాటలు. నేపాల్‌లోని పోఖరాలో, ధరాన్‌లో మన ప్రభుత్వం పెన్షన్ ఆఫీసులు నడిపేది ఇలాంటి ఇళ్ల కోసమే.

ఇంకో సంగతి. అక్కడ ఆఫీసర్ తమిళుడైనా పంజాబీ అయినా నేపాలీ నేర్చుకోవాల్సిందే. నేనూ సూది గుచ్చి "దుఖ్యో?" (నొప్పెట్టిందా) అనడం నేర్చుకున్నాను. నా యాసకు నవ్వి నొప్పి మర్చిపోయేవాళ్లు. దశైన్ (నేపాలీల దసరా) పండక్కి లీవు దగ్గర మాత్రం గొడవే, అందరికీ అప్పుడే కావాలి. బస్సు దిగాక కొండలెక్కి రోజంతా నడిస్తేగానీ ఊరు రాని వాళ్లుండేవారు.

1947లో గూర్ఖాల సర్వీసు గురించి భారత్, బ్రిటన్, నేపాల్ ఒప్పందం చేసుకున్నాయి. ఉన్న పది గూర్ఖా రెజిమెంట్లలో ఆరు మనకు, నాలుగు బ్రిటన్‌కు వెళ్లాయి. తర్వాత మనం ఇంకొకటి పెట్టుకున్నాం. 2022లో మన సైన్యంలో అగ్నిపథ్ అనే కొత్త భర్తీ పథకం వచ్చింది: నాలుగేళ్ల సర్వీసు, ఆ తర్వాత నూటికి పాతికమంది వరకే కొనసాగింపు, మిగతావాళ్లకు ఒక మొత్తం చేతికిచ్చి పంపేయడం, పెన్షన్ లేదు. ఇది 1947 ఒప్పందానికి సరిపోదని నేపాల్ భర్తీ ఆపేసింది. కోవిడ్‌తో 2020 నుంచే ఆగిన భర్తీ మళ్లీ మొదలవ్వలేదు.

నా దృష్టిలో నేపాల్ అభ్యంతరం న్యాయమైనదే. ఆ కుటుంబాలు నమ్ముకున్నదే పెన్షన్‌ని. ఇటు దారి మూసుకుపోయాక కొందరు నేపాలీ కుర్రాళ్లు డబ్బు కోసం రష్యా సైన్యంలో చేరి ఉక్రెయిన్‌లో చనిపోయారు. 2024 జనవరిలో నేపాల్ ఆ రెండు దేశాలకూ పని అనుమతులు ఆపేయాల్సి వచ్చింది.