కార్డు లిమిట్ మీ డబ్బు కాదు

ప్రశ్న: నా వయసు 23. కాలేజీ అయిపోయి ఉద్యోగంలో చేరి ఐదు నెలలైంది, ఇంకా ప్రొబేషనే. కొత్త ఊళ్లో ఒక్కదాన్నే గది తీసుకుని ఉంటున్నాను. చేతికొచ్చే జీతం 100 అనుకుంటే అద్దెకు 30, తిండికీ తిరగడానికీ మిగతా ఖర్చులకూ 35, ఫోన్, ల్యాప్‌టాప్ ఈఎంఐలకు 17 పోతాయి. ఈఎంఐలు ఇంకో ఏడు నెలల్లో అయిపోతాయి. గది అడ్వాన్సు కోసం లోన్ యాప్‌లో 50 తీసుకుంటే చేతికి 45 వచ్చింది, నెల తిరిగేసరికి 50 కట్టాలి. అది తీర్చడానికి క్రెడిట్ కార్డు మీద నగదు తీశాను. వేరే కొనుగోళ్లతో కలిపి కార్డు బాకీ ఇప్పుడు 60. నెలకు 3 శాతం వడ్డీ. బ్యాంకు కనీసం కట్టమనే మినిమం డ్యూ 3 కడుతున్నాను. మిగిలే 15తో నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసే సిప్ మొదలుపెట్టాలనుంది. అవసరమొస్తే కార్డు లిమిట్ ఇంకా ఉంది. ఏ ఫండ్ మంచిది?

జవాబు: ఏ ఫండూ వద్దు, ఇప్పుడైతే. మీ ప్రశ్నలో నన్ను ఆపేసిన మాట 'కార్డు లిమిట్ ఇంకా ఉంది' అన్నది. కొత్తగా సంపాదనలో పడ్డవాళ్లలో చాలామంది ఇలాగే అనుకుంటారు. లిమిట్ అంటే బ్యాంకు మీకు అప్పివ్వడానికి సిద్ధపడిన మొత్తం. ఇవాళ ఇచ్చిన లిమిట్‌ను రేపు తగ్గించే హక్కూ బ్యాంకుకే ఉంటుంది. సరిగ్గా మీకు జీతం ఆగిన నెలలోనే అది జరగొచ్చు.

ఆ నెల ఎలా ఉంటుందో ఒకసారి ఊహించండి. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకు నోటీసు గడువు సాధారణంగా తక్కువే. జీతం రాదు, కానీ అద్దె తేదీ మారదు. ఈఎంఐకి ఖాతాలో డబ్బు లేకపోతే ఆటో డెబిట్ వెనక్కి వెళ్తుంది. దానికి బ్యాంకు ఒక ఛార్జీ వేస్తే, అప్పిచ్చినవాళ్లు ఇంకొకటి వేస్తారు. క్రెడిట్ స్కోరు మీద మచ్చ వేరే. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా కూడా చాలావరకు ఉద్యోగంతోనే పోతుంది. అప్పుడు చేతిలో ఉండాల్సింది నగదు, ఫండ్ యూనిట్లు కాదు. మార్కెట్ పడి ఉంటే వాటిని నష్టానికి అమ్ముకోవాలి.

ఇక అప్పుల సంగతి. 45 చేతికిచ్చి నెల తిరిగేసరికి 50 వసూలు చేయడమంటే నెలకు 11 శాతం పైన వడ్డీ. సొంత ఊళ్లో వడ్డీవ్యాపారి ఈ రేటు చెబితే మీరు గుమ్మం దిగి వచ్చేసేవారు, యాప్ అడిగితే మాత్రం ఓకే నొక్కేశారు. దాన్ని తీర్చడానికి కార్డు మీద నగదు తీయడం ఇంకో తప్పు. నగదుకు సాధారణంగా వడ్డీ లేని రోజులు ఉండవు, తీసిన రోజు నుంచే మీటరు తిరుగుతుంది. నెలకు 3 శాతం చక్రవడ్డీ ఏడాదికి 42 శాతం దాటుతుంది. మీరు కట్టే 3లో 1.8 వడ్డీకే పోతోంది. కొత్తగా ఏమీ కొనకుండా, బాకీతో పాటే తగ్గుతూ పోయే మినిమం డ్యూ మాత్రమే కడుతూ పోతే సగం బాకీ తీరడానికే రెండున్నరేళ్లు దాటుతుంది. 42 శాతం వడ్డీ కడుతూ సిప్‌లో లాభం వెతుక్కోవడం ఏం లెక్కో నాకు అర్థం కాదు.

మొదటి రెండు నెలలు ఆ 15ను విడిగా ఒక పొదుపు ఖాతాలో వేయండి. జీతం పడిన మర్నాడే ఆటోమేటిక్‌గా బదిలీ అయ్యేలా పెట్టుకోండి. ఒక నెల అద్దెకు సరిపడా 30 చేరాక, 15నూ 3నూ కలిపి 18 కార్డుకు కట్టండి. నాలుగు నెలల్లో బాకీ తీరిపోతుంది. అందాకా కార్డు బయటికి తీయొద్దు. పాత బాకీ ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకు కూడా వడ్డీ లేని గడువు మామూలుగా దొరకదు.

తర్వాత ఈఎంఐలు ముగుస్తాయి, నెలకు 35 మిగులుతుంది. కొత్త ఫోన్ మీద మనసు పడేది అప్పుడే, జాగ్రత్త. ఆ 35 మొత్తం అత్యవసర నిధికే పోవాలి. మీ నెల ఖర్చు 65 కాబట్టి ఆరు నెలలకు 390 కావాలి. ఇప్పటి నుంచి ఏడాదిన్నరలో అయ్యే పని. ఆరు నెలలు ఎందుకంటే, మొదటి ఉద్యోగం పోతే రెండోది దొరకడానికి అనుభవం తక్కువున్నవాళ్లకు ఎక్కువ టైమ్ పట్టొచ్చు.

కార్డు బాకీ తీరగానే చిన్న మొత్తానికైనా సొంత ఆరోగ్య బీమా తీసుకోండి. మీ మీద ఆధారపడినవాళ్లు లేకపోతే టర్మ్ పాలసీకి, అంటే మనిషి పోతే ఇంట్లోవాళ్లకు డబ్బిచ్చే జీవిత బీమాకు, తొందరలేదు. సిప్ గురించి నిధి పూర్తయ్యాక చూద్దాం.

ఆ లోన్ యాప్‌ను మాత్రం ఈ రోజే తీసేయండి. దానికంటే ముందు, మీ పేరిట బాకీ ఏమీ లేదని వాళ్ల నుంచి రాతపూర్వకంగా తెప్పించుకుని దాచుకోండి. మీ కాంటాక్టులు, ఫొటోలు చూసేందుకు దానికిచ్చిన అనుమతులన్నీ ఆపేయండి.