ఫ్లైవీల్ విప్పకండి, ముందు నోటీసు ఇవ్వండి

ప్రశ్న: మా నాన్నగారు ప్రాణంగా చూసుకున్న, పడవకు బిగించే పాత ఔట్‌బోర్డ్ మోటారును ఆయన పోయాక మరమ్మతుకు ఇచ్చాను. ఇగ్నిషన్ కాయిళ్ళు, కండెన్సర్లు, పాయింట్లు కొత్తవి వేశామని బిల్లు రాసి, వర్క్‌షాపు వారు 20 నెలల కిందట తిరిగి అప్పగించారు. మొదటి నుంచీ అది వేడెక్కగానే ఆగిపోతుంది, చల్లారితే తప్ప మళ్ళీ స్టార్ట్ కాదు. ఇన్నాళ్ళూ చూస్తామన్నవారు ఇప్పుడు పాత మోటారు ఇంతే అంటున్నారు. వేరే మెకానిక్‌తో బాగు చేయించుకొని, ఆ ఖర్చూ మనోవేదనకు పరిహారమూ రాబట్టవచ్చా?

జవాబు: మీ కేసును తేల్చేది తండ్రిగారి జ్ఞాపకం కాదు, బిల్లులో రాసిన కొత్త కాయిళ్ళు ఫ్లైవీల్ (ఇంజన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) కింద నిజంగా ఉన్నాయా లేదా అన్నది. బ్యాటరీ లేకుండా ఫ్లైవీల్ అయస్కాంతాలతోనే స్పార్కు పుట్టించే పాత మాగ్నెటో మోటార్లలో వేడికి స్పార్కు పోయి, చల్లారాక తిరిగి రావడం కాయిల్ ఇన్సులేషన్ దెబ్బతిన్నదనడానికి, ఒక్కోసారి కండెన్సర్ పాడైందనడానికి తెలిసిన లక్షణం. అక్కడ పగుళ్ళు బారిన పాత కాయిల్ కనబడితే, వేయని భాగానికి డబ్బు తీసుకున్నారనడానికి అంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు. కొత్తవే ఉంటే మాత్రం లోపం ఇంధనంలోనో ఇంజన్ అరుగుదలలోనో ఉందని వారు వాదిస్తారు, ఆ వాదనను తోసిపుచ్చడం కష్టం.

అందువల్ల వేరే మెకానిక్ చేత విప్పించే ఆలోచన పూర్తిగా మానుకోండి. అతడు ఫ్లైవీల్ ఊడదీసి కొత్త కాయిల్ బిగించిన మరుక్షణం మీ సాక్ష్యం పోయినట్టే. పాతది అతడే పెట్టాడని ఎదుటివారు అంటే మీ దగ్గర సమాధానం ఉండదు.

మార్చిన పాత భాగాలను ఆనాడే అడిగి తీసుకోకపోవడం, ఇంతకాలం ఒక్క ఉత్తరమైనా రాయకుండా నోటిమాటలు నమ్మడం మీ అజాగ్రత్తే. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదుకు గడువు రెండేళ్ళు, అది మోటారు మీ చేతికి వచ్చిన నాటి నుంచే లెక్కకు వస్తుందని భావించి నడుచుకోండి. వారు చూస్తామన్న ప్రతిసారీ గడువు కొత్తగా మొదలుకాదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం వినియోగదారుల కమిషన్‌కు ఉన్నా, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ముందుగా మోటారును ఆగిపోయేదాకా నడిపి, ఆగిన వెంటనే ప్లగ్ వైరుకు స్పార్క్ టెస్టర్ తగిలించి, స్టార్టర్ తాడు లాగుతూ వీడియో తీయండి. స్పార్కు బలంగా కనబడితే దోషం ఇగ్నిషన్‌ది కాకపోవచ్చు, అప్పుడు కేసు గురించి మళ్ళీ ఆలోచించాలి. కనబడకపోతే, ఉభయుల సమక్షంలో ఫ్లైవీల్ విప్పి చూడడానికి తేదీ నిర్ణయించి, 15 రోజుల వ్యవధితో వర్క్‌షాపుకు నోటీసు ఇవ్వండి. అది చేరినట్టు రుజువు దాచుకోండి. వారు రాకపోతే మోటారును కదపకుండా జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేసి, వినియోగదారుల రక్షణ చట్టంలోని సెక్షన్ 38(2)(సి) కింద దానిని పరీక్షకు పంపమని కోరండి. ఫోను సందేశాలకు, వీడియోకు భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని సెక్షన్ 63(4) కోరే ఎలక్ట్రానిక్ రికార్డుల ధ్రువీకరణ పత్రం జతచేస్తే అభ్యంతరానికి తావుండదు.

పడవను సొంతానికి వాడుతున్నారో అద్దెకు తిప్పుతున్నారో మీరు రాయనే లేదు. అది వాణిజ్య ప్రయోజనమైతే, స్వయం ఉపాధితో పొట్టపోసుకునేవారికి తప్ప, వినియోగదారుల కమిషన్ తలుపు తెరుచుకోదు. అప్పుడు మూడేళ్ళ గడువులోపు సివిల్ దావా వేయాలి. మనోవేదనకు పరిహారం కోరవచ్చు గాని, సేవాలోపం రుజువైతేనే అది పరిశీలనకు వస్తుంది. మరమ్మతుకు చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయలు మించకపోతే కమిషన్‌లో ఫిర్యాదుకు ఫీజు లేదు.