మేనేజ్‌మెంట్ సీటు కోసం చిట్టీ పాడొద్దు

ఉప్పల్ నుంచి ఒక తండ్రి ఇలా రాశారు:

"నాకు 47 ఏళ్లు. చర్లపల్లిలో ఒక ప్రైవేటు కంపెనీలో సూపర్‌వైజర్‌ని. చేతికి 78 వేలు వస్తుంది. మా ఆవిడ ఇంట్లో బ్లౌజులు కుట్టి నెలకు 10 వేల దాకా తెస్తుంది. అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. ఈఏపీసెట్‌లో ర్యాంకు 40 వేలు దాటింది. కన్వీనర్ కోటాలో ఘట్‌కేసర్ వైపు ఒక కాలేజీలో సీఎస్‌ఈ రావచ్చంటున్నారు, ఫీజు ఏడాదికి 95 వేలు. పేరున్న కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటుకు ఏటా 1.6 లక్షల ఫీజు కాక ముందే 8 లక్షలు కట్టమంటున్నారు. 5 లక్షల చిట్టీలో 21 నెలలు కట్టాను, ఇప్పుడు పాడితే 3.6 లక్షలు వస్తాయి. బంగారం మీద 2 లక్షలు, తెలిసినాయన దగ్గర రెండు రూపాయల వడ్డీకి 4 లక్షలు తీసుకుంటే మొదటి ఏడాదికి సరిపోతుంది. సీటు పోకుండా ఏజెంటుకు 25 వేలు అడ్వాన్సు ఇచ్చాను. అమ్మాయేమో బీఎస్సీ స్టాటిస్టిక్స్ చేస్తానంటోంది. డిగ్రీ అంటే బంధువుల్లో తలెత్తుకోలేం. ఏం చేయమంటారు?"

ఎంసెట్ పేరు మారి ఈఏపీసెట్ అయింది కానీ, ఫలితాలు వచ్చిన వారం నుంచి నాకొచ్చే ఉత్తరాలు మాత్రం మారలేదు. డొనేషన్, మొదటి ఏడాది ఫీజు కలిపి మీకు 9.6 లక్షలు కావాలి. మీలాగే అందరూ డబ్బు ఎక్కడెక్కడి నుంచి తేవాలో పైసాతో సహా లెక్క వేసుకుని ఉంటారు. తెచ్చాక వచ్చే నెల ఇల్లు ఎలా నడుస్తుందో ఒక్కరూ రాయరు. అందుకే మీకు ఫోన్ చేసి మిగతా లెక్కలు అడిగాను.

మీ ఇంటి ఖర్చు 38 వేలు. హోమ్ లోన్ ఈఎంఐ 19,500, ఇంకా 14 లక్షల బాకీ. చిట్టీకి 10 వేలు. తొమ్మిదో తరగతి బాబు స్కూలు ఫీజు నెలకు పంచితే 6 వేలు. రెండు ఎల్‌ఐసీ పాలసీలకు 3,500. మొత్తం 77 వేలు. ఇద్దరి సంపాదన 88 వేలు కాబట్టి మిగిలేది 11 వేలు. బ్యాంకులో 2.4 లక్షల ఎఫ్‌డీ, ఇంట్లో 20 తులాల బంగారం.

ఇప్పుడు మీ ప్లాన్ ప్రకారం వెళ్దాం. రెండు రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నగా ఉంటుంది. ఏడాదికి 24 శాతం అది. 4 లక్షలకు నెలకు 8 వేలు. బంగారం మీద వడ్డీ ఇంకో 2 వేలు. మిగిలే 11 వేలల్లో 10 వేలు అక్కడికే పోయాయి. చేతిలో వెయ్యి. రెండో ఏడాది ఫీజు 1.6 లక్షలు, అంటే నెలకు 13 వేల పైన కావాలి. ఎఫ్‌డీ విరగ్గొడితే ఏడాదిన్నర లాగుతారు. మూడో ఏడాదికి ఏం చేస్తారో మీ ఉత్తరంలో లేదు, మీ బుర్రలోనూ లేదని ఫోన్‌లో తెలిసింది. నాలుగేళ్లలో ఆ తెలిసినాయనకు 3.84 లక్షల వడ్డీ కట్టి ఉంటారు, అసలు 4 లక్షలూ అలాగే నిలబడి ఉంటుంది. సరిగ్గా అదే జూన్‌లో మీ బాబు ఇంటర్ పూర్తి చేసి తన ర్యాంకు కార్డు పట్టుకుని మీ ముందు నిలబడతాడు. వాడికి ఏం తాకట్టు పెడతారు?

ఇదంతా మీ జీతం ఒక్క నెల కూడా ఆగకపోతేనే. నా అసలు గొడవ ఇక్కడే. జీతం ఆగితే గడవడానికి ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలి, మీ ఇంటికి అది 4.62 లక్షలు. మీ దగ్గర ఉన్న ఎఫ్‌డీ మూడు నెలలకు చాలుతుంది, ప్లాన్‌లో దాన్నీ తినేస్తున్నారు. పాడని చిట్టీ ఉన్నవాడు కష్టం వస్తే పాడుకుంటాడు. పాడేసిన చిట్టీ ఉన్నవాడు ఉద్యోగం పోయినా నెల నెలా కట్టాల్సిందే, లేకపోతే జామీను ఇచ్చినవాళ్ల తలుపు కొడతారు. బీరువాలో ఉన్న బంగారం అర్ధరాత్రి ఆస్పత్రికి పనికొస్తుంది. కుదువ కొట్టులో ఉన్నది పనికిరాదు. మీరు ఒకేసారి ఎఫ్‌డీ, చిట్టీ, బంగారం మూడూ ఖాళీ చేసి, పైన వడ్డీ అప్పు పెట్టుకుంటున్నారు. 2020 లాక్‌డౌన్‌లో జీతం సగానికి కోసిన ఒకాయన నా దగ్గరికి వచ్చారు. అంతకు ముందటి ఏడాదే కొడుకు సీటు కోసం సరిగ్గా ఇలాగే సర్దారు. ఆయన భార్య బంగారం వేలానికి వెళ్లింది. అబ్బాయి చదువు ఆగలేదు, కానీ ఆ ఇంట్లో ఆ మాట ఇప్పటికీ ఎవరూ ఎత్తరు.

ఇక మీరే లేకపోతే? అడగడానికి నాకూ బాగుండదు, కానీ అడగాలి. రెండు ఎల్‌ఐసీ పాలసీలూ కలిపి 5 లక్షలు. పీఎఫ్ ఉంది కాబట్టి దాంతోపాటు వచ్చే ఈడీఎల్‌ఐ బీమా కింద గరిష్ఠంగా 7 లక్షలు. మొత్తం 12. ఇంటి అప్పే 14. హోమ్ లోన్‌కు ఇన్సూరెన్స్ లేదన్నారు. అంటే మీ ఆవిడ కుట్టుమిషన్ మీద బ్యాంకు బాకీ, రెండు రూపాయల వడ్డీ, ఇద్దరు పిల్లల చదువు. 8 లక్షల డొనేషన్ గురించి నెల రోజులుగా నిద్ర మానుకుని ఆలోచించానన్నారు, మీరు లేకపోతే ఇంటికి డబ్బు వచ్చే టర్మ్ పాలసీ గురించి ఒక్క గంట కూడా ఆలోచించలేదు.

ఆ డొనేషన్‌కు రసీదు ఇస్తారా అని అడిగితే నవ్వేశారు మీరు. ఇలాంటి డొనేషన్‌ను, అంటే కాపిటేషన్ ఫీజును, నిషేధించే చట్టం 1983 నుంచి ఉంది. రసీదు లేని డబ్బుకు బ్యాంకు అప్పు ఇవ్వదు, అందుకే అందరూ తెలిసినాయన దగ్గర తేలతారు. అమ్మాయి మధ్యలో మానేసినా ఆ డబ్బు వెనక్కి రాదు, అడగడానికి కాగితమూ ఉండదు.

కాబట్టి మేనేజ్‌మెంట్ సీటు వద్దు. మిగిలినవి రెండు, రెండూ మీ స్తోమతలోనే ఉన్నాయి.

కన్వీనర్ సీటు తీసుకుంటే నాలుగేళ్లకు 3.8 లక్షలు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు మీ ఆదాయం చాలా ఎక్కువ, అది మర్చిపోండి. కేంద్రం విద్యా రుణ పథకం పీఎం విద్యాలక్ష్మి ఎంపిక చేసిన కాలేజీలకే, మీ కాలేజీ జాబితాలో ఉందేమో పోర్టల్‌లో చూసుకోండి చాలు. మామూలు బ్యాంకు విద్యా రుణమే 4 లక్షల వరకు తాకట్టు లేకుండా, మీ వాటా డబ్బు పెట్టమనకుండా ఇస్తారు. చదువు అయ్యాక ఇంకో ఏడాది వరకు అసలు కట్టక్కర్లేదు. బ్రాంచి మేనేజర్ తిప్పించుకుంటారు, నాకు తెలుసు, తిరగండి. 10 శాతం వడ్డీ అనుకుంటే మొదటి ఏడాది నెలకు 800 లోపు, ఆఖరి ఏడాదికి 3,200 దగ్గరికి వస్తుంది. ఆ వడ్డీని నెల నెలా కట్టేయండి, పేరుకోనివ్వకండి. మిగులుతున్న 11 వేలతో ఫీజే కట్టేయొచ్చు కదా, లోన్ ఎందుకు అని మీ ఆవిడ అడిగారట. మంచి ప్రశ్న. ఫీజుకు బ్యాంకు 10 శాతానికి అప్పు ఇస్తుంది. ఉద్యోగం పోయిన నెల కిరాణా సరుకులకు ఏ బ్యాంకూ ఆ రేటుకు ఇవ్వదు. అందుకే ఆ 11 వేలు వేరే పనికి కావాలి.

ముందు టర్మ్ పాలసీ, 75 లక్షల నుంచి కోటి దాకా. పదేళ్ల ఇంటి ఖర్చు, ఇంటి అప్పు, ఇద్దరి చదువు కలిపితే అంతే తేలుతుంది. మీ వయసుకు నెలకు 3 వేలు అటూ ఇటూగా అవుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత బీమా ప్రీమియంపై జీఎస్‌టీ కూడా లేదు. షుగర్ బార్డర్‌లో ఉందని చెప్పారు కదా, ఫారంలో అది దాచకండి. బీమా ఏజెంటు ఏం కాదు లెండి అన్నా దాచకండి. కంపెనీ ఇచ్చిన 3 లక్షల హెల్త్ కవర్ ఉద్యోగంతోపాటే పోతుంది కాబట్టి, కుటుంబమంతటికీ సొంతంగా 10 లక్షలది ఒకటి, నెలకు 2,500 అనుకోండి. ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగమంటారు, ఆ లెక్క ఎంత తొందరగా మొదలైతే అంత మేలు. లోన్ వడ్డీ పోను మిగిలే 4,700 ఆర్‌డీలో వేయండి, వడ్డీ పెరిగే కొద్దీ అది కాస్త తగ్గుతుంది. ఎఫ్‌డీని కదిలించొద్దు. చిట్టీని ఆఖరి దాకా పోనివ్వండి. ఇంకో 29 నెలలకు, కమిషన్ పోను 4.75 లక్షల దగ్గర చేతికి వస్తాయి. ఆరు నెలల నిధికి తక్కువ పడిన వెలితిని దాంతో పూడ్చి, మిగతాది బాబు పేరున పక్కన పెట్టండి. ఎల్‌ఐసీ పాలసీల సంగతి తర్వాత చూద్దాం, అవి ఇవాళ్టి సమస్య కాదు.

డిగ్రీ మాట. ఇంజనీరింగే చదవాలని అమ్మాయికి లేనప్పుడు 8 లక్షలు పెట్టి ఎవరి కోసం కొంటున్నారు, మీ బావమరిది కోసమా? స్టాటిస్టిక్స్ అడుగుతున్న పిల్ల దారి తప్పిన పిల్ల కాదు. డిగ్రీ అడ్మిషన్ల పోర్టల్ దోస్త్‌లో నిజాం కాలేజీ, సిటీ కాలేజీలాంటివి ముందు పెట్టుకోమనండి. ఉప్పల్ నుంచి మెట్రో ఎక్కితే వెళ్లి రావడమూ సులువే. డిగ్రీ తర్వాత ఐసెట్ రాసి ఎంసీఏకు, సీపీగెట్ రాసి ఎమ్మెస్సీకి వెళ్లొచ్చు. డిగ్రీ చదువుతూనే ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్‌లో నడిపే డేటా సైన్స్ బీఎస్ కూడా చేయొచ్చు, రెండు డిగ్రీలు ఒకేసారి చదవడానికి యూజీసీ 2022లో ఒప్పుకుంది. అయితే అది కష్టమైన కోర్సు, చేరినవాళ్లంతా పూర్తి చేయరు. ఈ దారిలో మీకు విద్యా రుణం అవసరమే రాకపోవచ్చు, ఆర్‌డీ కూడా త్వరగా నిండుతుంది. డబ్బు మనిషిగా నాకు ఇదే నచ్చుతుంది. కానీ నేను చదివేది కాదు కదా.

ఘట్‌కేసర్ కాలేజీయే అనుకుంటే వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు ఒక పనిరోజు మధ్యాహ్నం అమ్మాయిని తీసుకుని వెళ్లి రండి. సీఎస్‌ఈ బ్రాంచికి ఎన్‌బీఏ గుర్తింపు, అంటే కోర్సు నాణ్యతను పరిశీలించి ఇచ్చే గుర్తింపు, ఉందా అని అడగండి. క్యాంటీన్ దగ్గర మూడో ఏడాది పిల్లలు నలుగురితో అమ్మాయిని మాట్లాడనివ్వండి, మీరు దూరంగా కూర్చుని టీ తాగండి. గేటు దగ్గర ఫ్లెక్సీ మీద ఫొటోలు చూసి నిర్ణయం తీసుకోకండి, అందులో ఎవరు ఏ ఏడాది వాళ్లో దేవుడికే తెలుసు.

ఏజెంటుకు ఇచ్చిన 25 వేలు రేపే వెనక్కి అడగండి. రకరకాలుగా తిప్పుతాడు, సీటు ఇంకా ఉంది సార్, ఒక్క రోజు టైమివ్వండి అంటాడు. వస్తే ఎఫ్‌డీలో కలపండి. రాకపోతే పోయాయనుకుని, మిగతా 7.75 లక్షలు పోనందుకు ఆ రోజు ఇంట్లో పాయసం చేయించండి. ఈలోగా చిట్టీ కంపెనీ నుంచి పాటకు వస్తారా అని ఫోన్ వస్తే, ఈ నెల కాదని చెప్పండి.