ట్రైనింగ్ స్క్వాడ్రన్ చరిత్ర రాస్తానన్న మనవరాలికి

నకిరేకల్,
ఆదివారం పొద్దున

బిడ్డా,

నువ్వు పంపిన పద్దెనిమిది పేజీలు చదివాను. కళ్ళజోడు మార్చి రెండోసారి కూడా చదివాను. లోకల్ హిస్టరీ రాయమని మీ సారు చెప్తే క్లాసులో అందరూ పానగల్లు గుళ్ళు, దేవరకొండ కోట పంచేసుకున్నారని, నువ్వొక్కదానివే పైలట్లకు నేర్పే స్క్వాడ్రన్‌ను ఎంచుకున్నావని మీ అమ్మ చెప్పింది. మంచిదే. కానీ మొదటి పేజీలోనే ‘దేశానికే గర్వకారణం’ అని మూడుసార్లు రాశావు. ముందు వాటిని కొట్టెయ్. గర్వం సంగతి చదివేవాళ్ళు చూసుకుంటారు.

ఇంకో మాట. పదకొండో పేజీలో ‘మా చిన్న తాత జెట్ విమానాలు నడిపారు’ అని రాశావు. అది మీ తాత, అంటే మా అన్న, ఊళ్ళో చేసిన ప్రచారం. నేను ఏనాడూ నడపలేదు. ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌ని, అంటే విమానం బాడీ బాగుచేసేవాడిని. ఇరవై ఏళ్ళు విమానం కింద వెల్లకిలా పడుకుని నట్లు బిగించాను. రచ్చబండ దగ్గర నేను పైలట్ అయిపోతే కాదని ఎవరంటారు? నేనూ కాదనలేదులే, కొన్నాళ్ళు బాగానే అనిపించింది. అందుకే చెప్తున్నా, ఎవరు చెప్పినా, ఇంట్లోవాళ్ళు చెప్పినా, రెండో మనిషిని అడగకుండా రాయకు.

తేదీల దగ్గర తొందరపడ్డావు. దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీకి రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ శంకుస్థాపన చేసింది 1967 అక్టోబర్ 11న. ఎయిర్‌ఫోర్స్ అకాడమీ పని మొదలుపెట్టింది 1971లో. ‘1967 నుంచి ఇక్కడ పైలట్లు తయారవుతున్నారు’ అని నువ్వు రాశావు. ఆ నాలుగేళ్ళూ అక్కడ తయారైనవి గోడలే.

స్క్వాడ్రన్ అనే మాట కూడా తికమక పెడుతుంది. విమానాలుండే స్క్వాడ్రన్ వేరు. అకాడమీలో క్యాడెట్లను గుంపులుగా విడగొట్టినా స్క్వాడ్రనే అంటారు. పైగా ఈ యూనిట్లకు ఊళ్ళు మారతాయి, పేర్లు మారతాయి. మన జనం నోట్లో మాత్రం అంతా దుండిగలే. మొదటి పాఠం దుండిగల్‌లో, ఫైటర్ పైలట్ అయ్యేవాళ్ళకు తర్వాతి పాఠం హకీంపేటలో కిరణ్ జెట్ మీద, ఆ తర్వాత బీదర్‌లో హాక్ జెట్ మీద. హెలికాప్టర్ నేర్చుకునేవాళ్ళు హకీంపేటకే పోతారు, రవాణా విమానాలవాళ్ళు యెలహంకకు. ఒక కాగితం మీద బాణం గుర్తులు వేసుకుని, ఏ ఏడాది ఏ ఊళ్ళో ఏ విమానం ఉందో రాసుకున్నాకే కలం పట్టు.

విమానాల కోసం నిజాం ఇచ్చిన విరాళం గురించి రెండు పేజీలు రాశావు. మొదటి యుద్ధంలో బ్రిటిష్‌వాళ్ళ 110వ స్క్వాడ్రన్‌కు, రెండో యుద్ధంలో 152వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరు తగిలించారు. 152 చిహ్నం మీద నిజాం తలపాగా కూడా ఉంటుంది. ఆ డబ్బులో మన నల్లగొండ, పాలమూరు రైతుల శిస్తు లేదంటే నేను నమ్మను. కానీ అవి యుద్ధం చేసిన స్క్వాడ్రన్లు, నేర్పినవి కావు. రెండు పేజీలు వద్దు, ఒక పేరా చాలు. దాని బదులు రెండో యుద్ధం నాడు బేగంపేటలో నడిచిన ఎలిమెంటరీ ఫ్లయింగ్ స్కూల్ గురించి వెతుకు. అక్కడ టైగర్ మాత్‌లు ఉండేవి, రెండు రెక్కల గుడ్డ విమానాలు.

టైగర్ మాత్ దగ్గరికి వచ్చాం కాబట్టి 1917 సంగతి చెప్పాలి. స్మిత్-బారీ అని ఒక ఆంగ్లేయుడు గోస్‌పోర్ట్‌లో ట్రైనింగ్ స్క్వాడ్రన్ నడిపాడు. అంతకుముందు నేర్పేవాళ్ళు కుర్రవాళ్ళను ప్రమాదానికి దూరంగా ఉంచేవాళ్ళు. విమానం గిరగిరా తిరుగుతూ కిందికి పడిపోతే ఏం చేయాలో చెప్పేవాళ్ళే లేరు. ఈయన ఆ పద్ధతిని తిరగేశాడు. శిష్యుడిని పక్కా ప్రణాళికతో ఆ ప్రమాదంలోకే తీసుకెళ్ళి, బయటపడే దారి చూపించి, మళ్ళీ వాడి చేతే చేయించేవాడు. ఇంజను హోరులో మాట వినపడదు కదా, ముందు సీటుకీ వెనక సీటుకీ మధ్య మాట్లాడటానికి రబ్బరు గొట్టం పెట్టారు. ఆ ఊరి పేరే దానికి పడింది, గోస్‌పోర్ట్ ట్యూబ్ అని. టైగర్ మాత్‌లోనూ ఆ గొట్టమే. నీ చరిత్ర అక్కడ మొదలైతే బాగుంటుందని నా అభిప్రాయం. 1932లో ఎయిర్‌ఫోర్స్ పుట్టిన రోజుతో అందరూ మొదలుపెడతారు.

విమానాల జాబితా ఇచ్చావు. హెచ్‌టీ-2, హార్వర్డ్, వాంపైర్, కిరణ్, దీపక్, పిలాటస్. రేషన్ షాపు బోర్డులా ఉంది. ఒక్కోదాంట్లో గురువు ఎక్కడ కూర్చున్నాడో చూడు. హెచ్‌టీ-2లో ముందూ వెనకా సీట్లు. కిరణ్‌లో పక్కపక్కన. పక్కన కూర్చుంటే గురువుకు శిష్యుడి చేయి వణకడం కనిపిస్తుంది, శిష్యుడికి గురువు ముఖం కనిపిస్తుంది. దాంతో నేర్పే పద్ధతే మారిపోతుంది. పాత ఇన్‌స్ట్రక్టర్లు ఎవరైనా దొరికితే మొదట ఇదే అడుగు. వాళ్ళకు నేర్పిన స్కూల్ గురించి కూడా అడుగు. 1948లో అంబాలాలో పెట్టి తర్వాత తాంబరానికి మార్చారు. గురువులకు గురువులెవరో తెలియకుండా శిష్యుల కథ రాయలేవు.

ఇక నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన చోటు ఉంది, అక్కడే ఆగాలి. కిరణ్ నేర్చుకున్న పిల్లలు తిన్నగా మిగ్-21 ఫైటర్ ఎక్కేవాళ్ళు. సైకిల్ దిగినవాడికి లారీ ఇచ్చినట్టు. ప్రమాదాల మీద లా ఫోంటేన్ కమిటీ 1982లో వేశారు. మధ్యలో ఇంకో జెట్ ట్రైనర్ ఉండాలని ఆ కమిటీ చెప్పింది. హాక్ కొనడానికి ఒప్పందం 2004లో అయింది. బీదర్‌లో చేరింది 2008 ఫిబ్రవరిలో. ఇరవై ఆరేళ్ళు! నేను సర్వీసులో ఉండగా మాట్లాడుకున్న సంగతి, నేను రిటైరై పద్నాలుగేళ్ళయ్యాక జరిగింది. ఆ మధ్యలో పోయిన పిల్లల గురించి పార్లమెంటులో అడిగిన ప్రశ్నలు, జవాబులు దొరుకుతాయి. కాగ్ నివేదికలు దొరుకుతాయి. లైబ్రరీలో కూర్చుని ఏడాది వారీగా తియ్యి.

దీపక్ కథ కూడా అలాంటిదే. 2009 జూలై 31న మెదక్ వైపు ఒక దీపక్ కూలి ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు పోయారు. ఇంజను ఆగిపోతే ఆ విమానం ఎక్కువ దూరం తేలుతూ రాలేదు, దూకడానికి ఎజెక్షన్ సీటూ లేదు. దాంతో మొత్తం దీపక్‌లను పక్కన పెట్టేశారు. పిలాటస్‌లు దుండిగల్‌లో చేరిన రోజు 2013 మే 31. ఆ నాలుగేళ్ళూ ఓనమాలు కూడా కిరణ్ మీదే దిద్దించారు. నువ్వు ‘దీపక్ స్థానంలో పిలాటస్ వచ్చింది’ అని రాశావు చూడు, ఆ వాక్యంలో నాలుగేళ్ళు మాయమైపోయాయి.

అలాగని పోయినవాళ్ళ ఇళ్ళకు రికార్డర్ పట్టుకుని వెళ్ళకు. 2023 డిసెంబర్‌లో తూప్రాన్ దగ్గర పిలాటస్ కూలింది, అది ఇంకా పచ్చి గాయం. పేపర్లో వచ్చినంతే రాయి.

ఆడపిల్లల గురించి 2016 జూన్ 18 ఒక్కటే రాశావు. ఆ రోజు దుండిగల్‌లో ముగ్గురు ఫైటర్ పైలట్లయ్యారు, నిజమే. కానీ 1994లోనే ఆడవాళ్ళు పైలట్లుగా బయటికొచ్చారు. అది కూడా చేర్చు.

పాసైనవాళ్ళే కాదు, సస్పెండ్ అయినవాళ్ళు కూడా కావాలి నీకు. సస్పెండ్ అంటే తప్పు చేశాడని కాదు, ఇతనికి ఫ్లయింగ్ సరిపడదని ఆపేయడం. ముందు రోజు దాకా మెస్‌లో నవ్వుతూ తిరిగిన కుర్రవాడు, మర్నాడు పెట్టె పట్టుకుని గేటు దగ్గర నిలబడేవాడు. మేం అటువైపు చూసేవాళ్ళం కాదు. వాళ్ళలో కొందరు వేరే బ్రాంచీలో మంచి ఆఫీసర్లయ్యారు. స్క్వాడ్రన్ ఎలా నేర్పిందో వాళ్ళంత సూటిగా ఎవరూ చెప్పరు.

మా గ్రౌండ్ క్రూను ‘ఇతర సిబ్బంది’ అన్నావు. కోపం రాలేదు, నవ్వొచ్చింది. కథ ఒకటి చెప్తా, నా మీదిదే. కొత్తలో ఒక స్టేషన్‌లో, పేరు అవసరం లేదు, సాయంత్రం టూల్ కౌంట్‌లో, అంటే పనిముట్లు లెక్కపెట్టేటప్పుడు, ఒక స్క్రూడ్రైవర్ తగ్గింది. నా బాక్సులోదే. చెప్పాలా వద్దా అని పది నిమిషాలు చెమటలు పట్టాయి. చెప్పాను. నేను చేయిపెట్టిన విమానాలు నాలుగూ ఆపేశారు. మర్నాడు పొద్దున సోలో, అంటే గురువు లేకుండా ఒంటరిగా, వెళ్ళాల్సిన పిల్లాడు ఒకడు మమ్మల్ని చూస్తూ నిలబడ్డాడు. రాత్రి తొమ్మిదింటికి టార్చిలైట్ల వెలుగులో ఒక కాక్‌పిట్ నేల కింద, కంట్రోల్ రాడ్ పక్కన దొరికింది. అది అడ్డం పడి ఉంటే స్టిక్ కదిలేది కాదు. నాకు పదిహేను రోజులు అదనపు గార్డ్ డ్యూటీ వేశారు. ఆ విమానం ఫారం 700లో, అంటే దాని రిపేర్ల రికార్డులో, ఆ ఎంట్రీ ఉంటుంది, కింద నా సంతకం ఉంటుంది. ఏ రూల్ వెనక ఏ తప్పు ఉందో వెతుకు. టూల్ కౌంట్ ఎందుకు వచ్చింది, సోలోకు ముందు చెక్ ఎందుకు పెట్టారు, అలా. అదే నీ పరిశోధనకు వెన్నెముక అవుతుంది.

ముసలి ఎయిర్‌మెన్ దగ్గరికి వెళ్తే రికార్డర్ మొదటిరోజే బయటికి తీయకు. ‘మీ అనుభవాలు చెప్పండి’ అంటే ఉపన్యాసం మొదలుపెడతారు. ‘మీరు మొదట పని చేసిన విమానం నంబర్ ఎంత?’ అని అడుగు. మనవళ్ళ పేర్లు మర్చిపోయినవాడు కూడా ఆ నంబర్ చెప్తాడు. వాళ్ళ ఇంట్లో ఆడవాళ్ళనూ అడుగు, సైరన్ మోగినప్పుడు క్వార్టర్స్‌లో ఏం జరిగేదో వాళ్ళకే తెలుసు. ఇప్పటి సంగతులు, లోపలి ఫోటోలు, ఎక్కడ ఏముంది అనేవి అడగొద్దు. ఎవరైనా ఉత్సాహంగా చెప్పినా రాయొద్దు.

దసరాకు వచ్చేటప్పుడు కొత్త డ్రాఫ్ట్ పట్టుకురా. సూర్యాపేటలో నా పాత సార్జెంట్ ఉన్నాడు, హెచ్‌టీ-2 మీద పని చేసినవాడు, కలిసి పోదాం. నాకూ ఆయనకూ జెట్ల మోతకు చెవులు పోయాయి. ఆయనకు కుడి వైపు కూర్చో, నాకు ఎడమ వైపు. గట్టిగా అడుగు.

నీ
చిన్న తాత