ఆయన కళ్లు మూసుకుని కూర్చుంటే నాకు భయమేస్తోంది

ప్రశ్న: మాది బోడుప్పల్. పుట్టుకతోనే క్రైస్తవులం. పెళ్లయి పన్నెండేళ్లు, పదేళ్ల పాప. మావారు కిందటేడు నాగార్జునసాగర్ రోడ్డులోని విపశ్యన అనే బౌద్ధ ధ్యానం నేర్పే కేంద్రంలో పది రోజుల శిబిరానికి వెళ్లొచ్చారు. అప్పట్నుంచి తెల్లవారుజామునే లేచి గంటసేపు కళ్లు మూసుకుని కూర్చుంటారు. రాత్రి మళ్లీ ఒక గంట. కోపం తగ్గింది, అది నిజమే. కానీ కుటుంబ ప్రార్థనకు రావడం మానేశారు. రోజూ కీర్తన చదివేది ఆయనే. ఇప్పుడు బైబిల్లో రిబ్బన్ ఎనిమిది నెలలుగా ఒకే పేజీలో ఉంది. "డాడీ ఎవరికి ప్రార్థన చేస్తున్నారు?" అని పాప అడిగితే "ఎవరికీ కాదు" అన్నారు. మనసు ఖాళీ చేసుకుంటే సాతాను దూరతాడని పాస్టరమ్మగారు అన్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. సంఘ పెద్దలతో చెప్పించమని మా అమ్మ అంటోంది. ఒకే ఇంట్లో ఈ రెండూ పొసుగుతాయా?

జవాబు: సాతాను మాట చదివి ముందుకెళ్లిపోయాను గానీ, రిబ్బన్ దగ్గర ఆగిపోయానమ్మా. రాత్రి ఎనిమిదిన్నరకో తొమ్మిదికో ఇంట్లో వినపడాల్సిన గొంతు వినపడటం లేదు. మీ బాధ ఎక్కువగా అక్కడే ఉందనిపిస్తోంది.

ముందు ఆ భయం సంగతి చూద్దాం. పాస్టరమ్మగారు మీ మీద ప్రేమతోనే అని ఉంటారు. కానీ విపశ్యనలో మనసు ఖాళీ చేయడమంటూ లేదు. మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర ఊపిరి వచ్చిపోవడాన్ని గమనించమంటారు. ఆనాపాన అంటే అదే. నాలుగో రోజు నుంచి తల మొదలు కాలివేళ్ల దాకా ఒంట్లో ఎక్కడ ఏం తెలుస్తోందో, దురదో తిమ్మిరో వేడో, చూసుకుంటూ పోవాలి. గోక్కోవాలనిపించినా కంగారు పడకూడదు. చివర్లో అందరూ సుఖంగా ఉండాలని కోరుకునే మంగళ మైత్రి. ఆ గంటసేపూ మనిషి మామూలుకన్నా మెలకువగా ఉంటాడు, దూరడానికి సందేదీ? ధ్యానం అనే మాట మీకూ కొత్త కాదు. దివారాత్రము ధ్యానించువాడు ధన్యుడని మొదటి కీర్తనలోనే ఉంది. అక్కడ ధ్యానించేది దేవుని ధర్మశాస్త్రాన్ని, ఇక్కడ గమనించేది ఊపిరిని. ఆ తేడా చిన్నదని నేను అనను.

ఇంకొకటి మీకు తెలిసి ఉండకపోవచ్చు. శిబిరంలో ఉన్న పది రోజులూ ప్రార్థన, జపం, పూజ అన్నీ పక్కన పెట్టమంటారు. ఈ పద్ధతి ఒక్కదాన్నే పూర్తిగా పరీక్షించి చూడాలని. ఆ నియమం అక్కడ ఉన్నన్నాళ్లకే. మతం మారమని ఎవరూ అడగరు, ఫీజు కూడా ఉండదు. మీవారు ఆ నియమాన్ని ఇంటికి కూడా మోసుకొచ్చారేమో అడగండి. లేదంటే ఆయన రాత్రి కూర్చునే గంటా, మీ ప్రార్థన టైమూ ఒకటే అయ్యాయేమో. అదే అయితే ఆయన ఒక గంట ముందు కూర్చుంటే సరిపోతుంది. నా దగ్గరికి వచ్చే గొడవల్లో చాలావాటికి మూలం గడియారంలోనే దొరుకుతుంది.

అలాగని "అన్నీ ఒకటేలే" అని సరిపెట్టుకోవద్దు. ట్యాంక్‌బండ్ మీద పోతూ హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుణ్ని చూపించి ఆ మాట అనేవాళ్లు మన ఊళ్లో బోలెడుమంది. మీ ప్రార్థనకు వినేవాడున్నాడు. బుద్ధుడి దారిలో సృష్టికర్తను వేడుకోవడం లేదు. కాబట్టి మీ ఆయన పాపకు చెప్పింది అబద్ధం కాదు, కాస్త పుల్లవిరుపుగా చెప్పారంతే. "డాడీ తన ఊపిరిని చూసుకుంటున్నారు, నేను యేసయ్యతో మాట్లాడుతున్నాను" అని మీరు చెప్పండి. పదేళ్ల పిల్లకు అది అర్థమవుతుంది.

ఇద్దరూ కలవగలిగేది రోజువారీ అభ్యాసంలో. సికింద్రాబాద్‌లో నాకు తెలిసిన ఇల్లొకటుంది. అత్తగారు ఆదివారం చర్చికి, కోడలు మహేంద్రా హిల్స్‌లోని బుద్ధ విహారానికి వెళ్తారు. సాయంత్రం పప్పు కుక్కర్ పెట్టి, మూడు విజిల్స్ వచ్చేదాకా ఇద్దరూ మాట్లాడకుండా కూర్చుంటారు. తర్వాత ఆ రోజు ఎవరి మీద ఒళ్లు మండిందో చెరొక పేరు చెప్తారు. అత్తగారు ఆ మనిషి కోసం ప్రార్థిస్తారు, కోడలు మైత్రి పంపుతుంది. మీ శత్రువులను ప్రేమించుడి అని మత్తయి ఐదో అధ్యాయంలో ఉంది. వైరం వైరంతో చల్లారదని బుద్ధుడి మాటల పుస్తకం ధమ్మపదం ఐదో గాథలో ఉంది. వాళ్లు ఇవేవీ చర్చించుకోరు. ఒకసారి ఇద్దరూ ఒకే పేరు చెప్పారట, ఇంటి ఓనరుది. ఆ రోజు మైత్రీ కుదర్లేదు, ప్రార్థనా కుదర్లేదు, నవ్వుతోనే సరిపోయిందట.

ఇలా మీరూ చేయొచ్చు. కాకపోతే రెంటినీ ఒకదాంట్లో ఒకటి కలపొద్దు. ఊపిరి చూసుకునేటప్పుడు యేసు నామం తలచుకోమని ఆయన్ను బతిమాలకండి. ఆయన కూడా మీ ప్రార్థన మధ్యలో శ్వాస గురించి పాఠం చెప్పకూడదు. చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల దగ్గరికి రావాలా వద్దా అన్నది ఆయన మనస్సాక్షికి వదిలేయండి.

"కోపం తగ్గింది, అది నిజమే" అని గబుక్కున దాటేశారు చూశారా, ఆ మాట ఆయనతో ఎప్పుడైనా అన్నారా? దీర్ఘశాంతం ఆత్మఫలమని గలతీ పత్రికలో మీరు చదివినదే. అది ఇంట్లో కనిపిస్తున్నప్పుడు గుర్తించడానికి మొహమాటమెందుకు?

పెద్దల్ని పిలిపించడం మాత్రం ఇప్పుడు వద్దు. నలుగురి ముందు నిలబెడితే ఆయన పట్టుదలకు పోతారు. పాస్టరమ్మగారికి కావాలంటే ఒక ముచ్చట చెప్పండి, వాదనకు కాదు, సరదాకే. బుద్ధుడి కథ దేశాలు దాటి పడమటికి చేరి, జ్ఞానోదయానికి ముందు ఆయనకున్న బోధిసత్వుడనే పేరే మారుతూ మారుతూ యోసఫాత్ అయింది. యూరప్ క్రైస్తవులు ఆయన్ను శతాబ్దాల పాటు పరిశుద్ధుడిగా తలచుకున్నారు.

ఆయన నిద్ర, తిండి, ఉద్యోగం సరిగా సాగుతున్నంత వరకు తెల్లవారుజామున కూర్చోవడం గురించి బెంగ అక్కర్లేదు. వాటిలో తేడా కనిపిస్తే డాక్టర్‌కు చూపించండి.

ఈ రాత్రి బైబిల్ ఆయన చేతికివ్వండి. నమ్మి చదవమని అడగొద్దు. "మీ గొంతు వినక ఎనిమిది నెలలైంది, పాప కూడా వింటుంది" అనండి. రిబ్బన్ ఉన్న పేజీ నుంచే మొదలుపెట్టమనండి. ఏమన్నారో నాకు రాయండి.