కెమెరా సందేహాలు: ఎన్ని ‘ఎక్స్’లు ఉంటే సరిపోతుంది?

ప్రశ్న: మా పాప స్కూలు వార్షికోత్సవాలు, ఇంట్లో పెళ్లిళ్లు తీయడానికి కెమెరా కొనాలి. కొట్లో 65 ఎక్స్ జూమ్ చూపించి, 25 ఎక్స్‌ది దండగ అంటున్నారు. పైగా దాని ధరే ఎక్కువ. ఏది తీసుకోమంటారు? – పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: ముందు ఆ ఎక్స్ సంగతి పక్కన పెట్టండి. లెన్సు ఫోకల్ లెంగ్త్ (ఎంత పెరిగితే దూరపుది అంత దగ్గరగా చూపించే మి.మీ. కొలత) పెద్ద అంకెను చిన్న అంకెతో భాగిస్తే వచ్చేదే ఆ ఎక్స్. కానన్ ఎస్ఎక్స్70లో 21 నుంచి 1365 మి.మీ. దాకా ఉంది కాబట్టి 65 ఎక్స్. సోనీ ఆర్ఎక్స్10 నాలుగో మోడల్‌లో 24 నుంచి 600 దాకా, అంటే 25 ఎక్స్. దూరం విషయంలో మొదటిదే మేలు, కాదనలేం. కానీ మీరు తీసేది రాత్రిపూట స్టేజీ మీద గెంతే పిల్లల్ని. అక్కడ కరువయ్యేది వెలుతురు.

లెన్సు అంచున అచ్చేసిన అంకెలు చదవండి. మొదటిదాని మీద 3.4–6.5, రెండోదాని మీద 2.4–4 అని ఉంటుంది. ఇవి లెన్సు ద్వారం కొలతలు, ఎఫ్ అంకెలంటారు. అంకె ఎంత చిన్నదైతే ద్వారం అంత పెద్దది. చివరి అంకె పూర్తిగా జూమ్ చేసినప్పటిది. 6.5 కంటే 4 దగ్గర రెండున్నర రెట్లకు పైగా వెలుతురు లోపలికి వస్తుంది. సెన్సరు (లోపల బొమ్మను పట్టే చిప్పు) చూస్తే మొదటిది 1/2.3 అంగుళం రకం, వైశాల్యం సుమారు 28 చదరపు మి.మీ. రెండోది ఒక అంగుళం రకం, 116. చిన్న సెన్సరు కెమెరా స్టేజీ లైట్ల కింద ఐఎస్ఓను (వెలుతురు చాలనప్పుడు బొమ్మ ప్రకాశాన్ని పెంచే సెట్టింగు) 3200కు ఎగదోసి, పిల్లల మొహాలను మైనపు ముద్దల్లా చేసేది ఇందుకే.

అసలు అంత జూమ్ మీకు అక్కర్లేదు కూడా. 15 మీటర్ల దూరంలో కూర్చుని 200 మి.మీ. పెడితే ఫ్రేములో నిలువున 1.8 మీటర్లు పడుతుంది. పాప నిలువెత్తు వచ్చేస్తుంది. షట్టర్ వేగం 1/250 సెకను కంటే నెమ్మది కానివ్వకండి. చేతి వణుకును స్టెబిలైజర్ ఆపుతుందిగానీ పిల్లల కదలికను ఆపలేదు. ఒక అంగుళం కెమెరాతో ఉన్న చిక్కల్లా బరువు. ఇది కిలోకు పైనే, అది 600 గ్రాముల చిల్లర. పగటిపూట పక్షులూ కొండలే తీసేవాళ్లయితే నిశ్చింతగా 65 ఎక్స్ కొనమనేవాళ్లం. జేబులో పట్టే 30 ఎక్స్ కెమెరాల్లో చాలావాటికి ఉండేది కూడా ఆ చిన్న సెన్సరే. దగ్గరి ఫొటోలకు మీ ఫోను వాటికేమీ తీసిపోదు. ఏది కొన్నా మెనూలో డిజిటల్ జూమ్ ఆపేయండి. అది బొమ్మను కత్తిరించి సాగదీయడమే.

ప్రశ్న: గండికోటలో పెన్నా లోయ అవతలి గట్టును పూర్తి జూమ్‌తో తీశాను. ట్రైపాడ్ కూడా వాడాను. అయినా రాళ్ల అంచులు అలలు అలలుగా వచ్చాయి. లెన్సు చెడిందా? – పాఠకుడు, జమ్మలమడుగు

జవాబు: మధ్యాహ్నం తీసి ఉంటారు. కాలిన బండల మీద నుంచి వేడిగాలి లేస్తుంటే దాని గుండా వచ్చే కాంతి ఊగుతుంది. ఎంత ఖరీదైన లెన్సయినా ఆ ఊగిసలాటను కూడా పెద్దది చేసే చూపిస్తుంది. వేసవిలో తెల్లవారాక మొదటి గంటా గంటన్నరలోనే తీయండి. సాయంత్రం ఎండ తగ్గినా బండలు వెంటనే చల్లారవు. తేడా తెలియాలంటే అదే చోటి నుంచి, అదే జూమ్‌తో పొద్దునొకటి, మధ్యాహ్నం ఒకటి తీసి పక్కపక్కన పెట్టి చూడండి. పొద్దునా మసకే వస్తే అప్పుడు లెన్సును అనుమానించండి. ట్రైపాడ్ మీద స్టెబిలైజర్ ఆపి, 2 సెకన్ల టైమర్ పెట్టండి. బటన్ నొక్కే వేలి అదురు కూడా 1000 మి.మీ. దాటాక కనిపిస్తుంది.

ప్రశ్న: బెలుం గుహల్లో ఫ్లాష్ వేసినా అంతా నల్లగానే వచ్చింది. – పాఠకుడు, తాడిపత్రి

జవాబు: చిన్న కెమెరా ఫ్లాష్ నాలుగైదు మీటర్లు దాటి పెద్దగా పనిచేయదు. దాన్ని ఆపి, అక్కడి దీపాలనే నమ్ముకోండి. జూమ్ ముట్టుకోవద్దు, కొంచెం తిప్పినా లెన్సు ద్వారం కుంచించుకుపోతుంది. రెండడుగులు ముందుకు వేయండి. ఐఎస్ఓ 800, మోచేతులు డొక్కలకు ఆనించి వరసగా మూడు నాలుగు తీస్తే ఒకటైనా నిలుస్తుంది.

ప్రశ్న: చందమామ ఫ్రేము నిండా రావాలంటే? – విద్యార్థి, అనంతపురం

జవాబు: కెమెరా వివరాల్లో ‘35 మి.మీ. ఫిల్ముకు సమానం’ అని ఇచ్చే మి.మీ. అంకెను 110తో భాగించండి. వచ్చినది ఫ్రేము ఎత్తు 26 మి.మీ.లో చంద్రుడి వ్యాసం. 1365కి సగానికి కాస్త తక్కువ, నికాన్ పి950లోని 2000కి పదింట ఏడొంతులు. ఆటోలో తీస్తే చుట్టూ ఉన్న నలుపు చూసి కెమెరా మోసపోతుంది, చంద్రుడు తెల్లటి బిళ్లలా వస్తాడు. మాన్యువల్‌లో ఐఎస్ఓ 100, ఎఫ్ 6.5, 1/250 పెట్టండి. ఇది పున్నమికి, అర్ధచంద్రుడికి షట్టర్ ఇంకా నెమ్మది కావాలి.

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్ జూమ్ కెమెరా ఒకటి చూశాను. ఏమేం పరీక్షించాలి? – పాఠకుడు, కర్నూలు

జవాబు: లెన్సు గొట్టం బయటికి వచ్చిన ప్రతిసారీ గాలితో పాటు మన ఎర్రమట్టి దుమ్మునూ పీల్చుకుంటుంది. కాబట్టి అయిదారుసార్లు ఆన్ చేసి, ఆపి, జూమ్‌ను ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పండి. కరకర శబ్దం వచ్చినా, మధ్యలో ఆగినా వదిలేయండి. ‘లెన్స్ ఎర్రర్’ ఎంతో దూరంలో లేనట్టే. తర్వాత ఎఫ్ 8 పెట్టి తెల్లగోడను తీయండి. ఫొటోలో ఎప్పుడూ ఒకేచోట బూడిదరంగు మచ్చ కనిపిస్తే దుమ్ము సెన్సరు మీద ఉంది. ఈ కెమెరాల లెన్సు ఊడదు, కాబట్టి తుడవాలంటే కెమెరా మొత్తం విప్పాలి. ఫోను టార్చి లెన్సు మీదికి ఏటవాలుగా వేస్తే సాలెగూడులాంటి బూజు ఉన్నదీ లేనిదీ బయటపడుతుంది. బ్యాటరీ బల్లమీద పెట్టి వేలితో తిప్పండి, గిర్రున తిరిగితే ఉబ్బినట్టే. పాతకాలపు మోడల్ అయితే 64 జీబీ కార్డు తీసుకోకపోవచ్చు, 32 జీబీ వెంట తీసుకెళ్లండి.