మోనే పూలదారిని ఫోన్లో చూస్తే చాలదా?

చాలదు. "ఫ్రెంచి చిత్రకారుడు మోనే వేసిన తోటదారి చిత్రాన్ని ఫోన్లో పెద్దది చేసి చూసుకోవచ్చు కదా, మ్యూజియం దాకా ఎందుకు?" అని అడిగారు. నేనూ ముందు ఫోన్లోనే చూశాను. కిరాణా కొట్టువాళ్లు ఇచ్చే క్యాలెండర్ బొమ్మలా అనిపించింది.

రెండేళ్ల క్రితం అక్క దగ్గరికి వెళ్లినప్పుడు, అమ్మతో కలిసి వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో అసలుది చూశాను. ఫ్రాన్సులోని వెతేయ్ అనే పల్లెలో తన తోటను మోనే 1881లో వేసిన చిత్రం. ఎత్తు దాదాపు అయిదడుగులు, అంటే సరిగ్గా మా అమ్మంత. దారికి అటూ ఇటూ పొద్దుతిరుగుడు మొక్కలు గుంపులుగా పైకి లేచి ఉంటాయి. మధ్యలో బొమ్మబండితో ఒక పిల్లవాడు, వెనక మెట్లు. దగ్గరికి వెళితే పూలు మాయమై పసుపు ముద్దలు మిగిలాయి. నాలుగడుగులు వెనక్కి వేయగానే ఎండ కాసింది. నీడలను నల్లగా కాక నీలంగా, ఊదాగా వేశాడు కాబట్టే ఆ ఎండ. ఫోను తెర మీద ఈ వెనకడుగు ఎక్కడ వేస్తారు? చిత్రానికి వీపు పెట్టి సెల్ఫీలు దిగేవాళ్లు అడ్డు తప్పుకుంటే మ్యూజియంలో వేయవచ్చు.

అమ్మ మాత్రం పూలను వదిలేసి, దారి పక్కనున్న నీలం తెలుపు కుండీలను చూస్తూ నిలబడింది. అవి మోనే సొంతవని, ఇల్లు మారినప్పుడల్లా వెంట తీసుకెళ్లేవాడని, వెతేయ్ ఇల్లు కూడా అద్దెదేనని చెప్పాను. సేన్ నది వైపు దిగే ఆ తోటను ఇంటివాళ్లతో మాట్లాడుకుని తనే పెంచాడు.

"అద్దె ఇంట్లోనా? ఒప్పుకున్నారా?" అంది అమ్మ.

ఆ ఆశ్చర్యానికి కారణముంది. హైదరాబాదులో మేము అయిదు ఇళ్లు మారాం. స్లాబు చెమ్మెక్కుతుందని ఒక యజమాని డాబా మీది మల్లె కుండీలను ఒక్క పూటలో దించేయించాడు. నీళ్ల ట్యాంకు ఏడాది పొడవునా కారుతున్నా ఆయన స్లాబుకు ఏమీ కాలేదు!

అందరూ మోనే 1890లో జివెర్నీ అనే ఊళ్లో కొనుక్కున్న ఇంటి గురించి, అక్కడ వేసిన కలువల చిత్రాల గురించే మాట్లాడతారు. నన్నడిగితే అద్దె తోటే గొప్పది. సొంత ఇల్లున్నవాళ్లకు ఈ చిత్రం సగమే అర్థమవుతుందని నా గట్టి నమ్మకం.

బయటికి వచ్చి బస్సెక్కాక అమ్మ మళ్లీ అడిగింది: "మనం గడ్డి చుట్టి తెచ్చినా రెండు పగిలాయి. అంత పెద్ద కుండీలను ఆయన ఎలా తీసుకెళ్లాడంటావు?"